రాబోయే సినిమాల్లో మన వేషం ఏంది?



గోడ పత్రికల సినిమా సంగతులు రాస్తే కొందరికి నచ్చదని నాకు తెలుసు. "ఏదన్న నీతి వ్యాసం రాయరాదురా" అంటరు. కానీ మన హాస్టల్లో రాత్రి లైట్లు బంద్ చేసినంక గుసగుసగా నడిచే ముచ్చట్లల్ల సగం సినిమాల గురించే గదా! చీకట్లో మాట్లాడుకునేది వెలుగులో రాస్తే తప్పేముంది? అందుకే కలం పట్టిన. మాయలు, మంత్రాలు, రాకెట్లు, కాలయంత్రాలు ఉండే సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం. రాబోయే అలాంటి సినిమాల మీద నా అభిప్రాయాలు ఈ వ్యాసంలో రాస్తున్న. చివరికి ఒక పెద్ద ప్రశ్న కూడా ఉన్నది. అది మనందరికీ సంబంధించిన ప్రశ్న. దయచేసి చివరి దాకా చదవండి.

ఏమేం రాబోతున్నయి?

మొదట అందరూ ఎదురుచూస్తున్న 'వారణాసి'. రాజమౌళి దర్శకత్వంలో మహేశ్‌బాబు నటిస్తున్నడు. 2025 నవంబర్ 15న రామోజీ ఫిల్మ్ సిటీల పేరు ప్రకటించి, కొంచెం బొమ్మ చూపించారు. అందులో 512వ సంవత్సరం కాశీ ఉన్నది, 2027లో భూమి మీదికి వచ్చే శాంభవి అనే గ్రహశకలం ఉన్నది, అంటార్కిటికా మంచు ఉన్నది, ఆఫ్రికా అడవి ఉన్నది, త్రేతాయుగం లంక కూడా ఉన్నది. 2027లో విడుదల అన్నారు. కాలంలో ముందుకు, వెనక్కు తిరిగే కథ అని చూస్తేనే తెలుస్తున్నది.

రెండోది 'కల్కి 2898 ఏడి' రెండో భాగం. మొదటి భాగం 2024 జూన్ 27న వచ్చింది. నాగ్ అశ్విన్ దర్శకుడు. అందులో ఎండిపోయిన కాశీ ఒక దిక్కు, నీళ్ళు, చెట్లు, తిండి అన్నీ పైన దాచుకున్న కాంప్లెక్స్ ఒక దిక్కు. కథ సగంలో ఆపి పంపించిండ్రు. అందుకే రెండో భాగం కోసం మెడ చాపుకొని చూస్తున్నం.

మూడోది 'జై హనుమాన్'. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్' పెద్ద హీరో లేకుండానే గెలిచింది. అందుకే ప్రశాంత్ వర్మ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఇందులో హనుమంతునిగా కన్నడ నటుడు రిషభ్ శెట్టి అని 2024 అక్టోబర్‌లో చెప్పారు.

ఇంకా హిందీలో రెండు భాగాల 'రామాయణ' ఉన్నది. ఒకటి 2026 దీపావళికి, రెండోది 2027 దీపావళికి అని ప్రకటించారు. అట్లీ దర్శకత్వంలో అల్లు అర్జున్ సినిమా 2025 ఏప్రిల్ 8న ప్రకటించారు. దాని కోసం అమెరికాల గ్రాఫిక్స్ కంపెనీలకు పోయిన వీడియో కూడా వదిలారు.

ఇట్ల చూస్తే మన భాష సినిమాకు ఇప్పుడు మాయా కాలం నడుస్తున్నది. సంతోషమే. కానీ సంతోషంతో పాటు కొన్ని అనుమానాలు కూడా ఉన్నయి.

కథ ముందా, గ్రాఫిక్స్ ముందా?

నా మొదటి అభిప్రాయం ఇది: పైసలతో మాయ రాదు, కథతో వస్తది. 'కల్కి' మొదటి భాగానికి సుమారు 600 కోట్లు ఖర్చయిందని పత్రికలల్ల రాసిండ్రు. మన ఇస్రో చంద్రయాన్-3ను సుమారు 615 కోట్లతో చంద్రుని దాకా పంపి 2023 ఆగస్టు 23న దించింది. అంటే చంద్రుని మీదికి పోయేటంత ఖర్చు ఒక సినిమాకు పెడుతున్నరు. అంత పెట్టినప్పుడు మనం కూడా కొంచెం గట్టిగనే అడగాలె.

1957ల కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్' చూడండి. అప్పుడు కంప్యూటర్ లేదు. మార్కస్ బార్ట్లే కెమెరాతోనే మాయ చేసిండు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుని నోట్లకు పోతుంటే ఇప్పటికీ చిన్న పిల్లలు నవ్వుతరు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటది. తెరిస్తే ఎవరి మనసులో ఎవరున్నరో వాళ్ళు కనిపిస్తరు. ఈ రోజు మన అమ్మానాయన సెల్‌ఫోన్‌ల మన మొఖం చూసుకుంటున్నరు గదా, దాదాపు అదే! డెబ్బై ఏండ్ల కిందటనే ఊహించిండ్రు.

తరువాత 1991ల సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'. బాలకృష్ణ కాలయంత్రంల కూర్చొని 1526లో శ్రీకృష్ణదేవరాయల దగ్గరికి పోతడు, అక్కడి నుంచి 2504కు పోతడు. ముందుకు పోతే ఏం కనిపిస్తది? బంగారు మేడలు కాదు. యుద్ధాల విషం వల్ల మనుషులు భూమి లోపల బతుకుతుంటరు. అంటే నవ్విస్తూనే హెచ్చరిక చెప్పింది. మంచి సైన్స్ సినిమా చేయాల్సిన పని అదే. రేపటిని చూపించి ఈ రోజు మనల్ని జెర ఆలోచించమనాలె.

2012ల 'ఈగ' వచ్చింది. హీరో ఈగ! మాట రాదు, ఫైటింగ్ రాదు, ఫ్యాన్ గాలికే కొట్టుకపోతది. అయినా థియేటర్లో ఈగ గెలవాలని అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఎందుకంటే ఆ ఈగకు ఒక బాధ ఉన్నది, ఒక పట్టుదల ఉన్నది. బలం లేనోడు బలమున్నోణ్ణి ఎట్ల గెలుస్తడు అన్నదే కథ. మన లాంటి వాళ్ళకు నచ్చకుండ ఎట్ల ఉంటది?

'విశ్వంభర' టీజర్ 2024 దసరాకు చూపితే గ్రాఫిక్స్ బాగలేవని చాలామంది విమర్శించిండ్రు. 2025 సంక్రాంతికి రావలసిన సినిమాను వెనక్కి జరిపిండ్రు. నా దృష్టిల అది మంచి పనే. అన్నం ఉడకక ముందే దించితే ఎవరు తింటరు? ఆలస్యమైనా ఫరవాలేదు గని, పచ్చిగ వద్దు.

సైన్సు అన్నప్పుడు లెక్క ఉండాలె

కొందరు మిత్రులు "సినిమా సినిమానే, లాజిక్ అడగొద్దు" అంటరు. నేను సగం ఒప్పుకుంట. రెండు రకాల సినిమాలున్నయి. ఒకటి జానపదం, పురాణం. ఇందులో మంత్రం పనిచేస్తది. 'బాహుబలి' రెండో భాగంల తాటిచెట్లను వంచి సైనికులను కోట లోపలికి విసురుతరు. ఫిజిక్స్ సారు చూస్తే తల పట్టుకుంటడు. కానీ అది మాహిష్మతి. అక్కడి తాటిచెట్లు అట్లనే వంగుతయి. మనం ఒప్పుకున్నం, టికెట్ కొన్నం.

ఇంకోటి సైన్సు కథ. అది "ఇది జరగవచ్చు" అని మనకు మాట ఇస్తది. మాట ఇచ్చినంక తప్పొద్దు. 2018ల 'అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్.' వచ్చింది. తెలుగుల రోదసి కథ తీసినందుకు ఆ దర్శకునికి దండం పెట్టాలె. కానీ ఒక సంగతి చూడండి. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం తిరగాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలె. పైకి పోయినకొద్దీ ఆ వేగం తగ్గుతది. మరి 9000 వేగం ఎంత ఎత్తుల సరిపోతది? పదో తరగతి మిత్రులు లెక్క వేసి సారుకు చూపించండి. సినిమా పేరు నుంచి ఒక లెక్క పుట్టింది. ఇప్పుడు చెప్పండి, సినిమా చదువును చెడగొట్టిందా, చదువు దగ్గరికి తెచ్చిందా?

'వారణాసి'ల గ్రహశకలం వస్తది అన్నరు గనుక నాకు అదే ఆశ, అదే భయం. త్రేతాయుగం కథల మంత్రం నడవనీ. 2027 కథల మాత్రం సైన్సు నడవాలె. రెండింటిని కలగాపులగం చేస్తే రెండూ చెడుతయి.

ఇప్పుడు అసలు ప్రశ్న

ఈ సినిమాలన్నిట్ల అడవి ఉంటది. గుహలుంటయి, కొండలుంటయి. 'వారణాసి' చూపించిన బొమ్మలల్ల 'వనాంచల్' అని ఒక చోటు, అందులో ఉగ్రభట్టి అనే గుహ ఉన్నది. వనాంచల్ అంటే అడవి సీమ. మరి ఆ అడవిల ఎవరుంటరు? సినిమాల అడవిల ఎవరుంటరో మనం ఎన్నోసార్లు చూసినం.

పాత జానపద సినిమాలు గుర్తు తెచ్చుకోండి. హీరో అడవిల దారి తప్పుతడు. మొఖాలకు రంగు పూసుకున్న వాళ్ళు, తలకు ఈకలు కట్టుకున్న వాళ్ళు వచ్చి కట్టేస్తరు. మంట చుట్టూ గంతులేస్తరు. అర్థం లేని అరుపులు అరుస్తరు. కడుపుబ్బ నవ్విస్తరు. ఆ వేషం ఎవరిది? మనదేనట! నేను పుట్టిన తండాల ఎవరూ అట్ల గంతులెయ్యరు. మా అవ్వ ఆడితే తీజ్ పండుగ నాడు ఆడుతది, గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడుతది. గోండు మిత్రులు ఆడితే గుస్సాడీ ఆడుతరు. నెమలి ఈకల టోపీ పెట్టుకుంటే దానికి నియమం ఉంటది, పూజ ఉంటది. గుస్సాడీ నేర్పిన కనకరాజుకు భారత ప్రభుత్వం 2021ల పద్మశ్రీ ఇచ్చింది. పద్మశ్రీ వచ్చిన ఆట సినిమాల ఎగతాళి ఎట్ల అయింది?

2015ల వచ్చిన 'బాహుబలి' మొదటి భాగం నాకు మస్తు ఇష్టం. ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు. ఇష్టమున్నది గనుకనే అడుగుత. అందులో కాలకేయులు ఉన్నరు. నల్లగ ఉంటరు, పళ్ళు కొరుకుతరు, యుద్ధం తప్ప ఇంకేం తెలువదు. వాళ్ళ కోసం మదన్ కార్కి కిలికి అనే భాషనే తయారుచేసిండు. 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నయట. పనితనం మెచ్చుకోవాలె. కానీ లేని భాషకు 40 సూత్రాలు కట్టిన మన సినిమాల, ఉన్న భాష అయిన గోర్‌బోలి ఎన్ని మాటలు వినిపించింది? గోండి, కోయ భాషలు ఎన్ని వినిపించినయి?

ఇంకోటి చూడండి. ఆ సినిమాల శివుణ్ణి పెంచింది ఎవరు? అడవి జనం. నది నుంచి తీసి పాలు పోసి సాదింది సంగ అనే తల్లి. పెద్దగైనంక ఆయన రాజయిండు. పెంచింది అడవి, ఏలింది కోట. రెండో భాగంల ఆ అడవి తల్లికి ఎంత చోటు దక్కింది? మళ్ళ చూసినప్పుడు లెక్క పెట్టండి.

ఇంగ్లీషోళ్ళు కూడా తక్కువేం తినలేదు. 2009ల వచ్చిన 'అవతార్' పండోరా అనే ఉపగ్రహం మీద అడవి జనం కథ. కింద ఖనిజం ఉన్నదని కంపెనీ వస్తది, పెద్ద చెట్టును కూల్చేస్తది. ఆ సీన్ చూసి కండ్లల్ల నీళ్ళు తిరుగుతయి. అడవి జనాన్ని హీనంగ చూపలేదు. కానీ అక్కడ కూడా వాళ్ళను కాపాడి ముందు నడిపించటానికి బయటి నుంచి ఒకడు రావాలె! 2018ల 'బ్లాక్ పాంథర్' ఒక అడుగు ముందుకేసింది. ఆఫ్రికాల ఎవరికీ లొంగని వకాండా అనే దేశాన్ని ఊహించింది. సైన్సుల అందరికన్న ముందున్న దేశం. వాళ్ళు మాట్లాడేది దక్షిణాఫ్రికాల నిజంగ ఉన్న ఖోసా భాష. వాళ్ళు చేసినప్పుడు మనోళ్ళు ఎందుకు చెయ్యరు?

ఘటోత్కచుడు మన పక్క ఊరోడు

మన బోధన్‌నే ఏకచక్రపురం అంటరని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని పెద్దలు చెప్తరు. మహాభారతం ఆదిపర్వం చూడండి. పాండవులు లక్క ఇంటి నుంచి తప్పించుకొని అడవిల పడతరు. అక్కడ భీముడు హిడింబిని పెండ్లి చేసుకుంటడు, ఘటోత్కచుడు పుడతడు. ఆ తరువాతనే ఏకచక్రపురానికి వస్తరు. పెద్దల మాట లెక్కన చూస్తే ఘటోత్కచుడు మన పక్క అడవి పిలగాడే అన్నట్టు! అడవి తల్లి బిడ్డ. 'మాయాబజార్'ల ఎస్.వి.రంగారావు వేసిన ఆ వేషం ముందర మిగతా రాజులంతా చిన్నబోయిండ్రు.

కురుక్షేత్రంల ఏమైంది? అర్జునుని కోసం దాచిపెట్టిన శక్తి ఆయుధాన్ని కర్ణుడు ఘటోత్కచుని మీద వేసిండు. అడవి బిడ్డ చచ్చిపోయి రాజకుమారుణ్ణి బతికించిండు. అదే యుద్ధంల ఘటోత్కచుని కొడుకు అంజనపర్వుణ్ణి అశ్వత్థామ చంపిండు.

ఇప్పుడు 'కల్కి'కి రండి. మొదటి భాగంల అశ్వత్థామ ఉన్నడు. చివరికి భైరవుడే కర్ణుడని చూపించిండ్రు. అంటే ఘటోత్కచుణ్ణి చంపినాయన ఉన్నడు, ఆయన కొడుకును చంపినాయన ఉన్నడు. చచ్చిపోయిన వాళ్ళు ఎటు పోయిండ్రు? వాళ్ళకు పునర్జన్మ లేదా? రెండో భాగంల హిడింబి వంశం వాళ్ళు కనిపిస్తే కథ ఎంత బలంగ ఉంటదో ఊహించండి. కాశీ ఎండిపోయినప్పుడు నీటి ఊట ఎక్కడుందో, ఏ దుంప తినవచ్చునో తెలిసింది అడవి జనానికే గదా! 'రామాయణ'ల గుహుడు, శబరి వస్తరు. వాళ్ళు దండం పెట్టి పక్కకు జరుగుతరా, లేక మనుషుల లెక్క మాట్లాడుతరా అన్నది కూడా నేను చూస్త.

కథలు మన దగ్గర లేవా?

కావలసినన్ని ఉన్నయి. గోండుల దేవతలను గుహల బంధిస్తే పహాండి కుపార్ లింగాల్ విడిపించిన కథను ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ పాడుతరు. ఏ ఇంగ్లీషు సినిమాకు తక్కువ? మా లంబాడాల ముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిండ్రు. దాన్ని లదేణి అంటరు. వందల ఎడ్లు, నడిచే ఊరు. దాన్నే రేపటి కాలానికి జరపండి. ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి నీళ్ళు, విత్తనాలు మోసుకపోయే అంతరిక్ష తండా! ముందల నాయక్ ఓడ నడుస్తది. దారిల ఒక గ్రహం నీళ్ళు ఇయ్యనంటది. ఇక కథ మొదలు. నాకైతే ఈ సినిమా ఇప్పుడే చూడాలని ఉన్నది.

సెట్టింగు కావాలా? బోధన్ శక్కర్‌నగర్ పోండి. నిజాం కాలంల 1937–38ల మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. చెరుకు పండించిన రైతు, చెరుకు నరికిన కూలి, మిషన్ నడిపిన కార్మికుడు అందరూ చెల్లాచెదురైండ్రు. ఇనుము అట్లనే నిలబడ్డది, మనుషులు పోయిండ్రు. 2898ల కూలిపోయిన నగరం ఎట్ల ఉంటదో చూపటానికి కోట్లు పెట్టి సెట్ వేస్తరు. మనకు అది 2015లనే చూపించిండ్రు.

ఇక హీరోయిన్ కావాలంటే మన జిల్లా సిరికొండ మండలం పాకాల ఊరి మాలావత్ పూర్ణను చూడండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏండ్ల 11 నెలలు. గురుకులంల చదివిన పిల్ల. 2017ల ఆమె మీద 'పూర్ణ' అనే సినిమా వచ్చింది. కానీ తీసింది హిందీల! 8,848 మీటర్ల ఎత్తుకు మనిషి నడిచి పోవటం కన్న అద్భుతం ఏ గ్రాఫిక్స్‌ల ఉంటది? ఆమె ఎక్కినంక మన తండాల నుంచి రోదసి యాత్రికురాలు పోయే కథ రాస్తే ఎవరు నమ్మరు?

యాస అడ్డమా అంటే అదీ కాదు. 2017ల 'ఫిదా' మన బాన్సువాడ పక్కన తీసిండ్రు, నిర్మాత దిల్ రాజుది మన జిల్లానే. మన యాసల ప్రేమకథ రాష్ట్రమంతా ఆడింది. మన యాసల రాకెట్ ఎందుకు ఎగరదు?

మనవి

వార్డెన్ సారుకు వినయంతో రెండు మనవులు. పెద్ద సినిమా వచ్చినప్పుడు మొదటి వారం టికెట్ ధర పెంచుతరు. 'కల్కి'కి కూడా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కూలికి పోయే మా అమ్మానాయనలను ఆ పైసలు అడగలేం, అడగం కూడా. కనుక నెలకు ఒక ఆదివారం హాస్టల్ టీవీల ఒక మంచి పాత సినిమా చూపించండి. 'మాయాబజార్'తో మొదలుపెడదాం. తెల్లారి ప్రతి ఒక్కరు దాని మీద ఒక పేజీ రాసి ఇవ్వాలె అని నియమం పెట్టండి. రాయనోనికి వచ్చే నెల సినిమా లేదు!

రెండోది, ఈ గోడ పత్రికల 'రేపటి కథ' అని ఒక మూల ఇయ్యండి. పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరు అవ్వ దగ్గరనో తాత దగ్గరనో ఒక కథ అడిగి తెద్దాం. గోర్‌బోలి కానీ, గోండి కానీ, తెలుగు లిపిలనే రాయవచ్చు. తరువాత దాన్నే వెయ్యేండ్ల ముందుకు జరిపి రాద్దాం.

మిత్రులారా, సినిమా తీసేటోళ్ళకు కోపంతో ఉత్తరం రాయమని నేను చెప్తలేను. వాళ్ళకు తెలిసింది వాళ్ళు తీస్తరు. మన సంగతి మనం రాయకపోతే మన మొఖానికి రంగు ఇంకొకరు పూస్తరు. అదే నా భయం. రాసేటోళ్ళు, కెమెరా పట్టేటోళ్ళు, కంప్యూటర్ మీద మాయ చేసేటోళ్ళు ఈ హాస్టల్ నుంచి కూడా పోవాలె. అప్పటి దాకా రాబోయే ప్రతి సినిమాను సంతోషంగ చూద్దాం, చప్పట్లు కొడదాం, కానీ ఒక కన్ను మాత్రం అడవి దిక్కు పెట్టి చూద్దాం: అక్కడ మనమున్నమా? ఉంటే ఏ వేషంల ఉన్నం?

ఇది నా సొంత అభిప్రాయం. ఒప్పుకోని వాళ్ళు తిట్టుకోకుండ పక్కనే కాగితం అంటించి జవాబు రాయండి. చదువుత.

ఇట్లు,
ఒక సినిమా అభిమాని,
పదవ తరగతి